మెరుపులు లెక్కపెట్టిన గది

పరమాణువు కథ – 7

పోయిన భాగం థామ్సన్ దగ్గర ఆపాం. 1897లో ఎలక్ట్రాన్ బయటపడింది. పరమాణువుకు మొత్తమ్మీద ఏ ఆవేశమూ ఉండదు. మరి లోపల ఋణావేశం గల ఎలక్ట్రాన్లు ఉన్నాయంటే, వాటికి సరిజోడుగా ధనావేశం కూడా ఎక్కడో ఉండి తీరాలి. ఎక్కడుంది? 1904లో థామ్సన్ చెప్పిన జవాబు ఇది: ధనావేశం పరమాణువు నిండా ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, ఎలక్ట్రాన్లు అందులో వలయాలు వలయాలుగా అమరి ఉంటాయి. ఊహే, కానీ గణితం బాగా తెలిసినవాడి ఊహ. పైగా ఆయన కేంబ్రిడ్జి కావెండిష్ లాబొరేటరీకి పెద్ద, 1906లో నోబెల్ అందుకున్నవాడు. ఆయన మాట కాదనడానికి ఎవరి చేతిలోనూ ఏ ఆధారమూ లేదు.

తర్వాత జరిగింది మన హైస్కూలు పుస్తకాల్లో నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. రూథర్‌ఫర్డ్ బంగారు రేకు తీసుకున్నాడు, ఆల్ఫా కణాలు వదిలాడు, కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి, కేంద్రకం దొరికింది. ఏదో ఒక మధ్యాహ్నం భోజనానంతరం జరిగిపోయినట్టు ఉంటుంది చదివితే. నిజానికి ఆ నాలుగు వాక్యాలకు ఏడేళ్లు పట్టింది. 1906లో కెనడాలో మొదలై 1913లో ఇంగ్లండులో తేలింది. రూథర్‌ఫర్డ్ పేరు నిలిచింది, నిలవాల్సిందే. కానీ ఆ ఏడేళ్లలో ఎక్కువ భాగం చీకటి గదిలో కూర్చుని చుక్కలు లెక్కపెట్టినవాళ్లది. అందుకే ఈ భాగంలో ఎక్కువ సేపు వాళ్ల దగ్గరే ఉందాం.

ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ 1871లో న్యూజిలాండ్‌లో నెల్సన్ పట్టణం దగ్గర పుట్టాడు. తల్లి బడిపంతులమ్మ, తండ్రి బండిచక్రాల పని, ఆ తర్వాత నారమిల్లు వ్యాపారం చేశాడు. 1895లో స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి వచ్చి థామ్సన్ దగ్గరే పనిచేశాడు. 1898లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీకి ప్రొఫెసరుగా వెళ్లాడు. రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే ఆల్ఫా కణాలంటే ఆయనకు మొదటినుంచీ మక్కువ. ఒక్కో కణం ఎలక్ట్రాన్ కంటే 7 వేల రెట్లకు పైగా బరువు, వేగం సెకనుకు 15 వేల కిలోమీటర్ల పైచిలుకు. అంత బరువూ అంత వేగమూ ఉన్నదాన్ని దారి తప్పించడం తేలిక కాదు.

1906లో మాంట్రియల్‌లో ఒక చిన్న వింత కనిపించింది. సన్నని చీలిక గుండా ఆల్ఫా కణాలను పంపి అవతల ఫొటో పలక మీద గీత పడేట్టు చేస్తున్నారు. చీలికలో సగభాగాన్ని పల్చని అభ్రకం రేకుతో కప్పారు. కప్పని సగం నుంచి వచ్చిన గీత అంచులు స్పష్టంగా పడ్డాయి. అభ్రకం దాటి వచ్చిన సగం మాత్రం కాస్త మసకబారింది. కొన్ని కణాలు దారి నుంచి సుమారు 2 డిగ్రీలు పక్కకు జరిగాయన్నమాట. రెండు డిగ్రీలే కదా అని వదిలేయవచ్చు. రూథర్‌ఫర్డ్ కాగితం తీసుకుని లెక్క వేశాడు: ఆ వేగంతో పోయే కణాన్ని ఆ పల్చని రేకులో అంత మళ్లించాలంటే సెంటీమీటరుకు 10 కోట్ల వోల్టుల విద్యుత్ క్షేత్రం కావాలి. అప్పటి ఏ యంత్రమూ దాని దరిదాపులకు రాలేదు. అభ్రకంలో అది ఎక్కడ దాగుంది? నా దృష్టిలో కేంద్రకం కథ బంగారు రేకుతో కాదు, ఈ మసక గీతతో మొదలవుతుంది.

1907లో ఆయన మాంచెస్టర్ వచ్చాడు. అక్కడి ఫిజిక్స్ ప్రొఫెసరు ఆర్థర్ షూస్టర్ ఇంకా కొన్నేళ్లు హాయిగా కొనసాగగలిగినవాడే. తన తర్వాత రూథర్‌ఫర్డ్ వస్తాడంటేనే కుర్చీ ఖాళీ చేస్తానన్నాడు, అన్నట్టే చేశాడు. విద్యాలయాల్లో కుర్చీలు ఇలా చేతులు మారడం అరుదు. షూస్టర్ అప్పజెప్పినవాటిలో మంచి లాబొరేటరీతో పాటు హాన్స్ గైగర్ అనే పాతికేళ్ల జర్మన్ యువకుడు కూడా ఉన్నాడు. మరుసటి ఏడు రూథర్‌ఫర్డ్‌కు నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలో! తాను చూసిన పరివర్తనలన్నిటిలోకీ ఫిజిక్స్ మనిషి రాత్రికి రాత్రి కెమిస్టు కావడమే అతి వేగవంతమైనదని ఆయన నవ్వుతూ చెప్పుకునేవాడు.

పనికి రేడియం కావాలి. అది బొహీమియాలోని యోఆకిమ్‌స్టాల్ గనుల ఖనిజం నుంచి వచ్చేది, వియన్నా అకాడమీ చేతిలో ఉండేది. వియన్నావాళ్లు మొదట ఒక మోతాదును లండన్‌లోని విలియం రామ్సేకీ రూథర్‌ఫర్డ్‌కీ ఉమ్మడిగా అప్పిచ్చారు. రామ్సే దాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. ఉత్తరాలు నడిచాయి, రూథర్‌ఫర్డ్ ఓపిక నశించింది. చివరికి వియన్నా మరో మోతాదు విడిగా పంపింది. శాస్త్ర చరిత్రలో ఇలాంటి సామాన్ల తగాదాలు పాఠ్యపుస్తకాలకు ఎక్కవు కానీ, ఆ రెండో పొట్లం రాకపోతే ఈ కథ మాంచెస్టర్‌లో జరిగేది కాదు.

రేడియం నుంచి ఒక వాయువు ఊరుతుంది, ఇప్పుడు మనం రాడాన్ అంటున్నది. దాన్ని పట్టి సన్నని గాజు గొట్టంలో నింపేవారు. అదే ఆల్ఫా కణాల మూలం. గొట్టం గోడలు కణాలు దాటగలిగేటంత పల్చన, పగలనంత గట్టిగా ఉండాలి. ఓటో బౌంబాక్ అనే జర్మన్ గాజు పనివాడు గోడ మందం మిల్లీమీటరులో నూరో వంతుకు తగ్గేట్టు గొట్టాలు ఊదేవాడు. ఆల్ఫా కణం అంటే ఆవేశమున్న హీలియమేనని రూథర్‌ఫర్డ్ తేల్చిన ప్రయోగం కూడా ఆయన గొట్టాల మీదే నడిచింది.

ఇక గది. జింక్ సల్ఫైడ్ పూసిన చిన్న తెర మీద ఒక ఆల్ఫా కణం తగిలితే ఒక్క మిణుకు, అంతే. మామూలు కంటికి ఆనదు. మైక్రోస్కోపు పెట్టుకుని చూడాలి. అంతకుముందు అరగంటసేపు కటిక చీకట్లో ఊరికే కూర్చోవాలి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా. ఆ తర్వాత ఒక కన్ను మైక్రోస్కోపుకు ఆనించి, చదరపు మిల్లీమీటరు మేర తెర మీద మిణుకులు లెక్కించాలి. నిమిషానికి 90 దాటితే ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది. 5 కంటే తగ్గితే మనసు పక్కకు పోతుంది, వచ్చిన మిణుకు కూడా జారిపోతుంది. ఏకబిగిన కొద్ది నిమిషాలు చూశాక కన్ను నీరసిస్తుంది, మరొకరు కూర్చోవాలి. రూథర్‌ఫర్డ్ తానూ ప్రయత్నించాడు. రెండు నిమిషాలకే గట్టిగా తిట్టుకుంటూ లేచి వచ్చేశానని, గైగర్ మాత్రం రాత్రంతా చెక్కుచెదరకుండా లెక్కపెట్టగల రాక్షసుడని అమెరికా మిత్రుడికి రాశాడు. ఈ కన్నుల చాకిరీ తప్పించడానికే గైగర్, రూథర్‌ఫర్డ్ కలిసి 1908లో కణాలను విద్యుత్తుతో లెక్కపెట్టే సాధనం ఒకటి తయారుచేశారు. గైగర్ కౌంటర్ అని ఈనాటికీ చెప్పుకునే పరికరానికి అదే మూలపురుషుడు. అయినా చెదిరిపోయే కణాలు ఏ కోణంలో ఎన్ని అని చూడాలంటే అప్పటికి తెరా కన్నూ తప్ప గతి లేదు.

1909లో గైగర్ ఒక మాట అన్నాడు: మార్స్‌డెన్ కుర్రాడికి చిన్న పరిశోధన ఏదైనా ఇస్తే బాగుంటుంది. ఎర్నెస్ట్ మార్స్‌డెన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు, ఇంకా డిగ్రీ పూర్తి కాలేదు, లాంకషైర్ నేతపనుల ఊళ్లలో పుట్టిన పిల్లవాడు. రూథర్‌ఫర్డ్ సరేనని, లోహం మీద పడ్డ ఆల్ఫా కణాల్లో ఏవైనా పెద్ద కోణంలో మళ్లుతాయేమో చూడమన్నాడు. ఏమీ కనబడదనే ఆయన నమ్మకం. కొత్త కుర్రాడి చెయ్యి తిరగడానికి ఇచ్చిన పని అనుకోవచ్చు.

అమరిక చూడటానికి చాలా సాదా. ఒక పక్క రాడాన్ గొట్టం, ఇంకో పక్క తెర. గొట్టం నుంచి కణాలు నేరుగా తెర మీద పడకుండా మధ్యలో సీసపు దిమ్మ. ఎదురుగా ఒక లోహపు పలక. తెర మీద మిణుకు కనబడాలంటే కణం పలకకు తగిలి వెనక్కి రావాలి, మరో దారి లేదు. మార్స్‌డెన్ కన్ను పెట్టాడు. మిణుకులు కనిపించాయి.

మొదట వచ్చే అనుమానం సీసం పక్కనుంచి ఏదో కారుతోందని. పలక తీసేస్తే మిణుకులు దాదాపు ఆగిపోయాయి. పెడితే మళ్లీ వచ్చాయి. గైగర్, మార్స్‌డెన్ కలిసి లోహాలు మార్చి మార్చి చూశారు: సీసం, బంగారం, ప్లాటినం, తగరం, వెండి, రాగి, ఇనుము, అల్యూమినియం. బరువైన పరమాణువుల లోహం అయితే మిణుకులు ఎక్కువ, తేలికైతే తక్కువ. ఆ తర్వాత చేసిన పనిలోనే వాళ్ల తెలివి ఉంది. బంగారు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. కణాలు కేవలం పైముఖం మీద తగిలి ఎగిరిపడుతుంటే ఒక రేకైనా పది రేకులైనా లెక్క ఒకటే ఉండాలి. కానీ రేకులు పెరిగేకొద్దీ మిణుకులు పెరిగాయి, ఒక హద్దు దాకా. అంటే కణాలు లోహం లోపలికి దిగి, అక్కడినుంచి తిరిగొస్తున్నాయి. ప్లాటినం పలక మీద పడ్డ సుమారు 8 వేల కణాల్లో ఒకటి ఇలా వెనక్కి వస్తోందని తేలింది. అదే ఏడు రాయల్ సొసైటీ ప్రచురించిన వాళ్ల వ్యాసంలో ఇదంతా ఉంది. పరమాణువు లోపల ఏముందన్న మాట మాత్రం ఎత్తలేదు.

కాగితం మీదికి 15 అంగుళాల ఫిరంగి గుండు పేలిస్తే అది తిరిగొచ్చి పేల్చినవాడికే తగిలినట్టుందన్న రూథర్‌ఫర్డ్ పోలిక జగత్ప్రసిద్ధం. అది ఆయన పాతికేళ్ల తర్వాత, జీవితం చివరి రోజుల్లో, ఒక ఉపన్యాసంలో చెప్పినది. 1909లో ఆయన ఏం చేశాడో చూస్తే ఆ నాటకీయత కనబడదు. వింతను పక్కన పెట్టుకుని ఏడాదిన్నర ఆలోచించాడు. మధ్యలో ఇంకో పని కూడా చేశాడు. మాంచెస్టర్‌లోనే గణితం చెప్పే హొరేస్ లాంబ్ సంభావ్యత మీద పాఠాలు చెబుతుంటే, నోబెల్ వచ్చిన ఈ ప్రొఫెసరు వెళ్లి విద్యార్థుల మధ్య కూర్చుని నోట్సు రాసుకున్నాడు. నాకు ఫిరంగి గుండు కంటే ఈ దృశ్యమే ఎక్కువ నచ్చుతుంది.

సంభావ్యత ఎందుకంటే, థామ్సన్ నమూనాకు తప్పించుకునే దారి అదే. కణం ఒక్క పరమాణువులో కొంచెమే మళ్లుతుంది, కానీ దారిలో వందల పరమాణువులు ఎదురవుతాయి కాబట్టి చిన్న చిన్న మళ్లింపులు కూడి పెద్దదవుతాయని వాదించవచ్చు. లెక్క వేస్తే అది నిలవలేదు. ఒక మళ్లింపు కుడికి, ఇంకోటి ఎడమకు. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అన్నీ ఒకే వైపు కలిసొచ్చి 90 డిగ్రీలు దాటించడం జరగదనే చెప్పవచ్చు. సెంటీమీటరులో లక్షకు 4 వంతుల మందం ఉన్న బంగారు రేకులో మాత్రం 20 వేలకు ఒక కణం సగటున 90 డిగ్రీలు మళ్లుతోంది. కాబట్టి ఆ మళ్లింపు ఒకే ఒక్క ఢీతో జరగాలి. ఒక్క ఢీతో జరగాలంటే పరమాణువులోని ఆవేశం, దాదాపు మొత్తం బరువు, ఒకే చోట కుక్కి ఉండాలి.

ఎంత చోటు? ఎదురెదురుగా దూసుకెళ్లిన ఆల్ఫా కణం, వికర్షణ వల్ల ఆగి వెనుదిరిగే దూరం లెక్కగడితే చాలు. సెంటీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో మూడున్నర భాగాలంత అని వచ్చింది. కేంద్రకం దానికంటే చిన్నదే అయి ఉండాలి. ఇప్పుడు మనకు తెలిసిన కొలతల ప్రకారం బంగారు పరమాణువు దాని కేంద్రకానికి సుమారు 20 వేల రెట్లు. కేంద్రకాన్ని పెసరగింజంత అనుకుంటే పరమాణువు అడ్డకొలత 80 మీటర్ల చిల్లర వస్తుంది, బరువు దాదాపు అంతా ఆ గింజలోనే. ఆల్ఫా కణాల్లో అత్యధిక భాగం ఏమీ తగలనట్టు దాటిపోవడానికి కారణం ఇదే.

1910 క్రిస్మస్ రోజుల్లో రూథర్‌ఫర్డ్ గైగర్ గదిలోకి వచ్చి, పరమాణువు ఎలా ఉంటుందో తనకిప్పుడు తెలుసునన్నాడు. గైగర్ వెంటనే పరీక్షలు మొదలుపెట్టాడు. ఎందుకంటే ఈ ఊహ గాలిలో లేదు. ఏ కోణంలో ఎన్ని కణాలు రావాలో ముందే చెబుతోంది.

1911 మార్చి 7న మాంచెస్టర్ సాహిత్య తాత్విక సంఘం సమావేశంలో రూథర్‌ఫర్డ్ తన ఫలితం చదివాడు. పరమాణు భారాల మీద డాల్టన్ తొలి మాటలు వినిపించింది ఈ సంఘంలోనే, 1803లో. ఆ రోజు కార్యక్రమంలో ముందు మాట్లాడింది ఒక పండ్ల దిగుమతి వ్యాపారి. జమైకా నుంచి వచ్చిన అరటిపళ్ల సరుకులో తనకో అరుదైన పాము దొరికిందని చెప్పి, దాన్ని తెచ్చి సభకు చూపించాడు. పాము తర్వాత పరమాణువు. విన్నవాళ్లలో జేమ్స్ చాడ్విక్ అనే పందొమ్మిదేళ్ల విద్యార్థి ఉన్నాడు.

మేలో ఫిలసాఫికల్ మ్యాగజీన్‌లో పూర్తి వ్యాసం వచ్చింది. ఎంత జాగ్రత్తగా రాశాడంటే, మధ్యలో ఉన్న ఆవేశం ధనమో ఋణమో కూడా తేల్చకుండా వదిలేశాడు. చెదరడం లెక్కకు రెండూ ఒకటే ఫలితమిస్తాయి మరి. బంగారానికి ఆ ఆవేశం సుమారు 100 ఎలక్ట్రాన్లకు సమానమని అంచనా వేశాడు (అసలు సంఖ్య 79). జపాన్‌లో హన్తారో నాగాఒకా 1904లోనే శనిగ్రహం, దాని వలయాల తరహా పరమాణువును ఊహించాడని గుర్తుచేశాడు. నాగాఒకా అంతకుముందే మాంచెస్టర్ వచ్చి లాబొరేటరీ చూసి వెళ్లాడు కూడా.

స్పందన? ఏమీ లేదు. ఆ సంవత్సరం చివర బ్రస్సెల్స్‌లో తొలి సాల్వే సమావేశం జరిగింది. ఐన్‌స్టీన్, ప్లాంక్, మేరీ క్యూరీ, స్వయానా రూథర్‌ఫర్డ్ అందరూ ఉన్నారు. కేంద్రకం మీద చర్చ జరగలేదు. థామ్సన్ పట్టించుకోలేదు. దీన్ని పెద్దల మొండితనం అనేయడం తేలిక కానీ న్యాయం కాదు. అప్పటి భౌతికశాస్త్రం ప్రకారం రూథర్‌ఫర్డ్ పరమాణువు బతకదు. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ నిరంతరం కాంతి రూపంలో శక్తి పోగొట్టుకుంటూ సుడి తిరిగి కేంద్రకంలో పడిపోవాలి. హైడ్రోజన్‌కు లెక్క వేస్తే అది సెకనులో దాదాపు పదివేల కోట్లో వంతు కాలంలో జరిగిపోవాలి. మన చేతిలో పెన్నూ, చెయ్యీ, కింద భూమీ మిగలకూడదు. ఈ సంగతి రూథర్‌ఫర్డ్‌కు తెలియక కాదు. నిలకడ సంగతి ఈ దశలో ఎత్తనక్కర్లేదని వ్యాసంలో ఒక వాక్యం రాసి దాటేశాడు. ప్రయోగం చూపినదాన్ని మొదట ఒప్పుకుందాం, ఎందుకలా అన్నది తర్వాత చూద్దాం అనే మనిషి.

ఎలక్ట్రాన్ ఎందుకు పడిపోదో చెప్పే మనిషి 1912 మార్చిలో మాంచెస్టర్ చేరాడు. నీల్స్ బోర్, డెన్మార్క్ వాడు, వయసు 26. కేంబ్రిడ్జిలో థామ్సన్ దగ్గర కొన్ని నెలలు గడిపి, పని పొసగక ఇటు వచ్చాడు. నాలుగు నెలలే ఉన్నాడు, జులైలో వెళ్లి ఆగస్టు 1న పెళ్లి చేసుకున్నాడు. 1913లో ఆయన రాసిన మూడు వ్యాసాల సంగతి ఈ ధారావాహికలో విడిగా రావాలి, ఇక్కడ కుదించి చెప్తాను. ఎలక్ట్రాన్ ఇష్టమొచ్చిన దూరంలో తిరగదు, కొన్ని కక్ష్యలే దానికి అనుమతి. ఆ కక్ష్యల్లో ఉన్నంతకాలం శక్తి పోగొట్టుకోదు. పై కక్ష్య నుంచి కిందికి దూకినప్పుడే కాంతి వెలువడుతుంది. బాసెల్‌లో బడిపంతులు బామర్ 1885లో హైడ్రోజన్ వర్ణరేఖలకు కట్టిన సూత్రం ఈ లెక్కలోంచి దానంతటదే ఊడిపడింది. చిత్తుప్రతి చదివిన రూథర్‌ఫర్డ్ రెండు అభ్యంతరాలు చెప్పాడు. ఒకటి, వ్యాసం బాగా పొడుగు, కత్తిరించాలి. రెండోది, దూకే ఎలక్ట్రాన్‌కు తాను ఎక్కడ ఆగబోతోందో ముందే ఎలా తెలుస్తుంది? బోర్ ఓడెక్కి మాంచెస్టర్ వచ్చి, సాయంత్రాలు కూర్చుని వాదించి, ఒక్క మాట కూడా తీయకుండా ఒప్పించుకుని వెళ్లాడు. రెండో ప్రశ్నకు మాత్రం జవాబు అప్పట్లో ఆయన దగ్గర కూడా లేదు. అది పదేళ్లకు పైగా భౌతికశాస్త్రాన్ని వేధించింది.

ఇంతలో గైగర్, మార్స్‌డెన్ ఏం చేస్తున్నారు? లెక్కపెడుతున్నారు. గాలి తీసేసిన లోహపు పెట్టె, దాని మధ్యలో కదలని బంగారు రేకు, రాడాన్ గొట్టం. పెట్టెకు బిగించిన తెరా, మైక్రోస్కోపూ పెట్టెతో పాటే రేకు చుట్టూ తిరుగుతాయి. 5 డిగ్రీల నుంచి 150 డిగ్రీల దాకా ఒక్కో కోణంలో ఆపి చూడాలి. రూథర్‌ఫర్డ్ సూత్రం ప్రకారం 150 డిగ్రీల దగ్గర ఒక్క మిణుకు పడే వ్యవధిలో 5 డిగ్రీల దగ్గర సుమారు 2 లక్షల 40 వేలు పడాలి. మనిషి కన్నేమో నిమిషానికి 90 దాటితే మొరాయిస్తుంది. దీనికి వాళ్లు రాడాన్ స్వభావాన్నే వాడుకున్నారు. రాడాన్ నాలుగు రోజులు తిరక్కముందే సగం తరిగిపోతుంది. కాబట్టి గొట్టం కొత్తగా, బలంగా ఉన్నప్పుడు పెద్ద కోణాలు, క్షీణించాక చిన్న కోణాలు చూశారు. తరుగును లెక్కలో సరిచేశారు. కోణం తర్వాత రేకు మందం మార్చారు, లోహం మార్చారు, మధ్యలో అభ్రకం పెట్టి కణాల వేగం తగ్గించి చూశారు. లక్షకు పైగా మిణుకులు లెక్కపెట్టామని 1913 నాటి వ్యాసంలో రాసుకున్నారు. ప్రతి పరీక్షలోనూ సూత్రం నెగ్గింది. కేంద్రకం ఆవేశం పరమాణు భారంలో సుమారు సగమన్న అంచనాకు కూడా బలం వచ్చింది.

సుమారు సగం అన్న మాటలో ‘సుమారు’ చాలామందికి కంట్లో నలుసు. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బ్రూక్ అనే న్యాయవాది, సరదాకి సైన్సు చేసుకునే మనిషి, ఆవర్తన పట్టికలో మూలకం ఎన్నో గడిలో ఉందో ఆ సంఖ్యే దాని కేంద్రకం ఆవేశమని సూచించాడు. దీన్ని రుజువు చేసింది హెన్రీ మోస్లీ. 1910లో ఆక్స్‌ఫర్డ్ నుంచి మాంచెస్టర్ వచ్చినవాడు. పని మొదలుపెడితే తెల్లవార్లూ చేసేవాడు. ఆ ఊళ్లో తెల్లవారుజాము మూడింటికి ఎక్కడ తిండి దొరుకుతుందో తెలిసినవాడు మోస్లీ ఒక్కడేనని తోటివాడు చార్లెస్ గాల్టన్ డార్విన్ చెప్పేవాడు. ఈ డార్విన్ ఆ పెద్ద డార్విన్ మనవడే.

మోస్లీ పరికరం చూడముచ్చటైనది. గాలి తీసిన గాజు గొట్టంలో చిన్న పట్టాలు, వాటి మీద బుల్లి బండి. బండిలో వరసగా మూలకాల ముక్కలు. గొట్టం తెరవకుండానే పట్టుదారంతో బండిని లాగుతూ ఒక్కో మూలకాన్ని కాథోడ్ కిరణాల కిందికి తెచ్చేవాడు. తాకిడికి మూలకం ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది, స్ఫటికం వాటిని విడదీస్తుంది, ఫొటో పలక మీద గీతలు పడతాయి. కాల్షియం నుంచి జింకు దాకా పలకలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే గీతలు మెట్లు మెట్లుగా జరుగుతూ పోయాయి. పౌనఃపున్యం వర్గమూలం తీస్తే మెట్టుకు మెట్టుకు తేడా సమానం. అంటే మూలకం నుంచి మూలకానికి ఏదో ఒకటి సరిగ్గా ఒకటి చొప్పున పెరుగుతోంది. అది కేంద్రకం మీది ధనావేశం తప్ప మరొకటి కావడానికి వీల్లేదని మోస్లీ రాశాడు.

రసాయనవేత్తల పాత తలనొప్పి ఒకటి దీంతో వదిలింది. కోబాల్ట్ బరువు నికెల్ కంటే రవ్వంత ఎక్కువ. బరువు ప్రకారం పోతే నికెల్ ముందు రావాలి, గుణాలు చూస్తే కోబాల్ట్ ముందుండాలి. మోస్లీ పలకలు కోబాల్ట్ 27, నికెల్ 28 అని తేల్చేశాయి. మూలకానికి గుర్తింపు బరువు కాదు, ఆవేశం. పైగా వరుసలో 43, 61, 75 స్థానాలు ఖాళీగా ఉన్నాయని, అక్కడ ఇంకా దొరకని మూలకాలు ఉండాలని 1914లో చెప్పాడు. తర్వాతి సుమారు మూడు దశాబ్దాల్లో మూడూ దొరికాయి. విరళ మృత్తికల మీద ఏళ్లకేళ్లు ధారపోసిన ఫ్రెంచి రసాయనవేత్త జార్జ్ ఉర్బాఁ తన నమూనాలు పట్టుకుని, మోస్లీ అప్పటికి తిరిగి చేరుకున్న ఆక్స్‌ఫర్డ్‌కు స్వయంగా వచ్చాడు. మోస్లీ కొద్ది రోజుల్లో వాటిలో ఏవేవి ఉన్నాయో చెప్పేశాడు. రూథర్‌ఫర్డ్ పరమాణువును లోకం గట్టిగా నమ్మడం మొదలుపెట్టింది ఈ అంకెలు చూశాకే.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. గైగర్ జర్మన్ ఫిరంగి దళంలో చేరాడు. మార్స్‌డెన్ బ్రిటిష్ సైన్యంలో, శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో చప్పుడును బట్టి పసిగట్టే విభాగంలో పనిచేశాడు. ఒకే మైక్రోస్కోపుకు వంతులవారీగా కన్ను ఆనించిన ఇద్దరూ పశ్చిమ రంగంలో చెరో పక్కా ఉన్నారు. గాజు గొట్టాల బౌంబాక్‌ను జర్మన్ అయినందుకు ఇంగ్లండులో నిర్బంధించారు. మోస్లీ తనంతట తాను సైన్యంలో చేరి సందేశాల అధికారిగా గల్లిపోలీ వెళ్లాడు. 1915 ఆగస్టు 10న తలకు తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. అతనికి 27 ఏళ్లు. ఇలాంటివాణ్ణి మామూలు సిపాయిలా ముందు వరసలోకి పంపడం ఎంత వృథానో రూథర్‌ఫర్డ్ నేచర్ పత్రికలో కటువుగానే రాశాడు.

మోస్లీ అంకెలు ఒక చిక్కు మిగిల్చాయి. నికెల్ కేంద్రకం మీద ఆవేశం 28. బరువేమో హైడ్రోజన్‌కు 58 రెట్ల పైచిలుకు. 28 ఆవేశాలకు 28 హైడ్రోజన్ కేంద్రకాలు లెక్క చెబితే మిగతా 30 చిల్లర బరువు ఎవరిది? అప్పట్లో అందరూ ఇచ్చిన జవాబు: కేంద్రకంలో 58 హైడ్రోజన్ కేంద్రకాలున్నాయి, వాటిలో 30 ఆవేశాలను అక్కడే ఇరుక్కున్న 30 ఎలక్ట్రాన్లు చెల్లగొడుతున్నాయి. కేంద్రకం నుంచి బీటా కిరణాలుగా ఎలక్ట్రాన్లు బయటికి వస్తున్నాయి కనుక ఇది నమ్మదగిందిగానే కనిపించింది. రూథర్‌ఫర్డ్ కూడా నమ్మాడు. అది తప్పని తేలడానికి 1932 దాకా ఆగాల్సి వచ్చింది. తేల్చినవాడు, అరటి పాము సభలో కూర్చున్న ఆ విద్యార్థి చాడ్విక్. గైగర్ దగ్గర పనిచేద్దామని 1913లో బెర్లిన్ వెళ్లి, యుద్ధంలో చిక్కుకుపోయి, రూలేబెన్ గుర్రప్పందేల మైదానంలోని గుర్రపుశాలలో నాలుగేళ్లు ఖైదీగా ఉన్నాడు. అక్కడ కూడా ప్రయోగాలు మానలేదు. రేడియోధార్మిక పదార్థం కావలసి వస్తే, అప్పటి జర్మన్ బజారులో మామూలుగా అమ్మే, థోరియం కలిపిన పళ్ల పేస్టు కొనిపించుకున్నాడు.

వచ్చే భాగం: గుర్రపుశాలలో లాబొరేటరీ